గృహాంగణము నుండి గ్రహణ దర్శనము

శ్రీ సూర్యనారాయణ పరబ్రహ్మణే నమః

సూర్యగ్రహణము వచ్చుచున్నదనిన మన యిండ్లలో రెండు విధములైన ప్రశ్నలు పుట్టును. పట్టుస్నానము ఎప్పుడు, విడుపుస్నానము ఎప్పుడు, భోజనము ఎన్ని గంటల ముందు ముగింపవలెను, ఏ రాశివారు ఏమి దానము చేయవలెను అనునవి పెద్దలు అడుగు ప్రశ్నలు. పిల్లలు అడుగునది వేరు. "మేము చూడవచ్చునా?" అని వారడుగుదురు. మొదటి ప్రశ్నలకు పంచాంగములును, ధర్మశాస్త్ర గ్రంథములును సమాధానము చెప్పుచున్నవి. రెండవ ప్రశ్నకు మాత్రము పెక్కు గృహములలో తలుపు మూయుటయే సమాధానమగుచున్నది. నేటి ప్రసంగమున ఆ పిల్లల ప్రశ్ననే తీసికొందము. గ్రహణమును చూచుట మన సంప్రదాయమునకు విరుద్ధమా? మన పూర్వులు ఏమి చేసిరి? ఈ విషయమును వేదకాలము నుండి మన గుంటూరు వరకును, అచ్చటినుండి మన యింటి పెరటి వరకును విచారింతము.

వేద పురాణములందు గ్రహణము

ఋగ్వేదము ఐదవ మండలమున స్వర్భానుడను అసురుడు సూర్యుని చీకటితో కప్పిన వృత్తాంతము కలదు. అప్పుడు లోకములన్నియు తామున్న చోటు తమకే తెలియనివాని వలె దిక్కుతోచక చూచినవట. ఆ చీకటిలో దాగిన సూర్యుని అత్రి మహర్షి తన మంత్రశక్తిచే కనుగొనెను. ఆ పని అత్రి వంశీయులకే సాధ్యమైనదనియు, ఇతరులకు సాధ్యము కాలేదనియు ఆ సూక్తము చెప్పుచున్నది. ఇచ్చట గమనింపదగిన విషయము ఒకటి కలదు. లోకమంతయు కలవరపడిన వేళ ఋషి కన్నులు మూసికొని కూర్చుండలేదు. మరుగుపడిన సూర్యుని వెదకెను, కనుగొనెను. గ్రహణ విద్యకు ఆది పురుషుడు అత్రియే యని పెద్దలు చెప్పుటకు కారణమిదియే.

భాగవత దశమస్కంధ ఉత్తరభాగమున మరియొక ఘట్టము కలదు. పోతనామాత్యుల తెలుగు భాగవతము చదివిన వారందరకును అది పరిచితమే. సూర్యగ్రహణము రానున్నదని ముందుగనే తెలిసికొని నానాదేశముల ప్రజలు కురుక్షేత్రమందలి శమంతపంచకమునకు యాత్ర చేసిరి. శ్రీకృష్ణ బలరాములు యాదవులతో ద్వారక నుండి వచ్చిరి. నందయశోదలు, గోపికలు వ్రజము నుండి వచ్చిరి. పాండవులు, కుంతీదేవి వచ్చిరి. చిరకాలముగా ఎడబాసిన తల్లికి బిడ్డడు మరల కనబడినది ఆ గ్రహణ పుణ్యకాలముననే. ద్వారక ఎక్కడ, కురుక్షేత్రము ఎక్కడ! నెలల తరబడి సాగు యాత్రకు జనులు బయలుదేరవలెనన్న గ్రహణము వచ్చు దినము ఎంతో ముందుగా నిర్ణయమై యుండవలెను కదా! అట్టి గణితము ఆ కాలమున ప్రజలకు అందుబాటులో నున్నదని భాగవతమే సాక్ష్యమిచ్చుచున్నది.

ఇక రాహుకేతువుల కథ. అమృతము పంచు వేళ దేవతల పంక్తిలో దొంగతనముగా కూర్చున్న అసురుని సూర్యచంద్రులు గుర్తించి మోహినీరూపుడైన విష్ణువునకు చూపిరి. చక్రముచే ఖండింపబడిన ఆ శిరస్సు రాహువై నాటినుండి వారిపై పగబూని యున్నదని పురాణము. ఈ కథ తెలియని తెలుగు పిల్లవాడు లేడు. ఈ కథకును గణితమునకును వైరము కలదని కొందరు తలచుచున్నారు. మన జ్యోతిషాచార్యులు అట్లు తలపలేదు.

సిద్ధాంతకర్తల దృష్టి

ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన ఆర్యభటీయమున చంద్రుడు సూర్యుని కప్పుటచే సూర్యగ్రహణమును, భూమి నీడ చంద్రుని కప్పుటచే చంద్రగ్రహణమును కలుగుచున్నవని స్పష్టముగా చెప్పెను. ఆరవ శతాబ్దమున ఉజ్జయినిలో వెలసిన వరాహమిహిరుడు బృహత్సంహితలో రాహుచారమను అధ్యాయమును రచించి, గ్రహణమునకు కారణము నీడయే గాని రాహువు కాదని నిర్ణయించెను. అంతటితో ఊరకుండక, గ్రహణకాలమున జరుగు దాన హోమములందు నీకు భాగము కలుగునని బ్రహ్మ రాహువునకు వరమిచ్చెనని, ఆ కారణముచే ఆ వేళ రాహువు సన్నిహితుడై యుండుననియు సమన్వయించెను. గణితమును నిలిపి, దానధర్మమును కూడ నిలిపిన నేర్పు అది. చంద్రుని మార్గము సూర్యుని మార్గమును ఖండించు రెండు బిందువులకు నేటికిని మన గణితమున రాహు కేతువులనియే పేరు. అమావాస్య ఆ బిందువులలో నొకదాని సమీపమున జరిగినప్పుడు మాత్రమే సూర్యగ్రహణము సంభవించును. ప్రతి అమావాస్యకు గ్రహణము రాకుండుటకు కారణమిదియే.

సూర్యసిద్ధాంతమున గ్రహణములకు ప్రత్యేకాధ్యాయములు కలవు. అందొక అధ్యాయము గ్రహణమును చిత్రముగా గీయు విధానమును బోధించును. బింబమున ఏ వైపు స్పర్శ కలుగును, మధ్యకాలమున ఎంత భాగము కప్పబడును, ఏ వైపున మోక్షము కలుగునను విషయములు ముందుగనే గీచి చూపవలెనని అందలి విధి. చూడకూడని దానికి చిత్రమెందులకు? ఆకాశమున కనబడు దానితో సరిచూచుకొనుటకే కదా!

సరిచూచుట యనునది మన సిద్ధాంతులు తపస్సుగా భావించిరి. కేరళమున నిళానదీ తీరవాసియైన పరమేశ్వరుడను గణితశాస్త్రవేత్త 1393 మొదలుకొని దశాబ్దములపాటు గ్రహణములను స్వయముగా పరిశీలించెను. అప్పటి గణితమునకును కంటికి కనబడు వేళకును తేడా వచ్చుటను గమనించి 1431లో దృగ్గణితమను పద్ధతిని ఏర్పరచెను. దృక్కు అనగా చూపు. చూపుతో ఏకీభవించు గణితము దృగ్గణితము. ఆయనకు దూరదర్శిని లేదు, రాజు కట్టించిన వేధశాల లేదు. తన యూరిలో, తనకు తెలిసిన నదీతీరమున నిలిచి ఆకాశమును చూచిన గృహస్థుడాయన.

చూపు తప్పిన ధర్మము తప్పుట ఎట్లనగా, స్నానము, జపము, తర్పణము, దానము అన్నియు స్పర్శమోక్షముల నడిమి కాలమునకు కట్టుబడినవి. పంచాంగమున వేళ తప్పుగా నున్నచో భక్తుడు నదిలో మునిగి జపించునప్పటికి గ్రహణము పట్టియే యుండదు, లేదా విడిచియే యుండును. కావున గ్రహణమును కనిపెట్టి చూచుట జిజ్ఞాసువుల వినోదము మాత్రమే కాదు, అనుష్ఠానమునకు ఆధారము కూడ.

గుంటూరున 1868

ఈ చరిత్రలో మన తెలుగునేలకు ఒక గొప్ప స్థానము కలదు. అది మన పిల్లల పాఠములలో చాలినంతగా కనబడదు. విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారము, అనగా 1868 ఆగస్టు 18వ తేదీ. మన స్త్రీలు కందమొక్కను పూజించి బిడ్డల క్షేమము కోరు పోలాల అమావాస్య తిథి అది. ఆనాటి ఉదయము సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ బిజాపూరు ప్రాంతము మీదుగా వచ్చి, వనపర్తిని, గుంటూరును, మచిలీబందరును దాటి సముద్రముపైకి సాగినది. గుంటూరున ఐదు నిమిషములకు పైగా సూర్యబింబము పూర్తిగా కప్పబడినది. సంపూర్ణ గ్రహణము ఎంత దీర్ఘమైనను ఏడున్నర నిమిషములకు మించదు. ఒకే చోట అది మరల కనబడుటకు సగటున మూడు నాలుగు వందల సంవత్సరములు పట్టును. అట్టి అరుదైన అవకాశము మన యింటి ముంగిటికి వచ్చినది.

దానిని చూచుటకు ఖండాంతరముల నుండి పండితులు వచ్చిరి. ఫ్రాన్సు దేశీయుడైన జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. ఆ యూర వర్తకము చేయుచుండిన లెఫోషూర్ అను ఫ్రెంచివాడు తన మేడ పైయంతస్తును ఆయనకు ఇచ్చెను. అనగా ప్రపంచ ఖగోళ చరిత్రలో పేరుగన్న ఆ పరిశీలన గుంటూరు పట్టణమున ఒక గృహము నుండియే జరిగినది. ఆంగ్ల ప్రభుత్వ పక్షమున మేజర్ టెన్నెంట్ కూడ గుంటూరుననే విడిసి ఛాయాచిత్రములు తీసెను. మద్రాసు వేధశాలాధిపతి పోగ్సన్ బందరున నిలిచెను.

సూర్యబింబము మరుగుపడినంతనే దాని అంచున ఎఱ్ఱని జ్వాలలు కనబడినవి. జాన్సెన్ తన వర్ణపటదర్శినితో చూడగా ఆ జ్వాలల కాంతి విడివిడి గీతలుగా మెరసినది. అవి మండుచున్న వాయువులని, అందు హైడ్రోజను ప్రధానమని తేలినది. ఆ గీతలు ఎంత ప్రకాశవంతముగా నున్నవనగా, గ్రహణము లేని దినమున కూడ వానిని చూడవచ్చునని ఆయనకు తోచినది. మరునాడు ఉదయమున గుంటూరు ఆకాశమున సూర్యుడు పూర్ణబింబముతో వెలుగుచుండగనే ఆయన ఆ జ్వాలలను చూచెను. అంతవరకు గ్రహణ క్షణములందు మాత్రమే దొరకిన దర్శనము నాటినుండి ప్రతిదినము దొరకినది.

అదే పద్ధతిని ఇంగ్లండున లాకియర్ స్వతంత్రముగా అదే సంవత్సరము అక్టోబరులో సాధించెను. ఇరువురి లేఖలును పారిస్ శాస్త్ర పరిషత్తునకు ఒకే దినమున చేరినవి. ఆ గ్రహణమున జ్వాలల వర్ణపటములో ఒక పసుపు గీతను పలువురు గమనించియుండిరి. సోడియము గీతయే కావచ్చునని తొలుత తలచిరి. అది సోడియము గీత కాదని లాకియర్ నిర్ణయించెను. భూమిమీద అంతవరకు ఎవరును ఎరుగని ఒక మూలపదార్థము సూర్యునిలో నున్నదని తేలినది. గ్రీకు భాషలో సూర్యుని పేరైన హీలియోస్ నుండి దానికి హీలియము అని పేరు కలిగినది. 1895లో రామ్సే పండితుడు ఒక ఖనిజము నుండి అదే పదార్థమును వెలికితీయువరకు అది సూర్యునియందు మాత్రమే తెలిసియుండిన ద్రవ్యము. శ్రావణ అమావాస్య నాడు మన కృష్ణాతీరవాసుల నెత్తిన పడిన నీడ అంతటి జ్ఞానమునకు తోడ్పడినది.

పంచాంగకర్తయు వేధశాలయు

ఆ 1868 గ్రహణమునకే మద్రాసు వేధశాల పక్షమున వనపర్తికి వెళ్ళిన బృందమునకు నాయకుడు భారతీయుడే. ఆయన చింతామణి రఘునాథాచార్యులు. పంచాంగములు గణించు కుటుంబమున జన్మించి, చిన్ననాటనే వేధశాలలో చేరి, దశాబ్దములపాటు అచ్చట సేవచేసిన శ్రీవైష్ణవుడు. 1867లో దక్షిణాకాశమందలి ఒక తార వెలుగు హెచ్చుతగ్గులగుటను ఆయన కనిపెట్టెను. 1872లో లండను రాయల్ ఖగోళ పరిషత్తులో సభ్యుడైన తొలి భారతీయుడు ఆయనయే.

ఆయన జీవితమున ఇంతకన్న గొప్ప ప్రయత్నము మరియొకటి కలదు. పాత కరణ గ్రంథములనుబట్టి గణించు పంచాంగములలో తప్పులు పేరుకొనుచున్నవని ఆయన చూచెను. వేధశాలలో కన్నులార చూచిన స్థితులకు అనుగుణముగా దృగ్గణిత పంచాంగమును సిద్ధము చేసి ప్రకటింపసాగెను. 1874లో శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా సాగు వింత జరుగనుండగా, సామాన్యులకు అర్థమగునట్లు దేశభాషలలో చిన్న పుస్తకములు వెలువరించెను. తరతరముల అలవాటును విడువలేని పంచాంగకర్తలు ఆయనతో ఏకీభవింపలేదు. పెద్దలు వ్రాసినది మార్చుట అపచారమని వారి భావము. పెద్దలు చూచి వ్రాసిరి గనుక మనమును చూచి సరిదిద్దుటయే వారి మార్గమని ఆచార్యుల భావము. పరమేశ్వరుడు నాలుగు శతాబ్దములకు పూర్వమే చేసిన పనినే ఆయన మరల చేసెను. 1880లో ఆయన పరమపదించెను. నేడు పెక్కు ఇండ్లలో గోడకు వ్రేలాడు పంచాంగములపై దృగ్గణితమను మాట కనబడుచున్నదనిన, అందు ఆ మహనీయుని శ్రమ కలదు.

మూసిన తలుపులు

ఆయన గతించిన సరిగా నూరేండ్లకు, సిద్ధార్థి నామ సంవత్సర మాఘ బహుళ అమావాస్య శనివారమున, 1980 ఫిబ్రవరి 16వ తేదీ మధ్యాహ్నము తిరిగిన వేళ, సంపూర్ణ గ్రహణపు నీడ మరల తెలుగుదేశముపై నడచినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల ఆ మార్గమున పడినది. దేశ విదేశముల శాస్త్రజ్ఞులు అచ్చట శిబిరములు వేసికొని రెండు నిమిషముల దర్శనమునకై వేచియుండిరి. అదే వేళ పట్టణములందు వీధులు నిర్మానుష్యములైనవి. జనులు కిటికీలు బిగించి, సందులలో గుడ్డలు కుక్కి ఇంటిలో కూర్చుండిరి. దూరదేశీయులు సముద్రములు దాటివచ్చి చూచిన దానిని ఇంటివారు తలుపు వెనుక నుండి పోగొట్టుకొనిరి. నాడు బాలురైన పెక్కుమంది నేటికిని ఆ సంగతి తలచుకొని చింతించుచున్నారు.

ఆ భయమునకు అర్థము లేకపోలేదు. కంటికి రక్షణ లేకుండ సూర్యుని చూచినచో నేత్రము వెనుకనున్న సున్నితమైన పొర కాలిపోవును. అచ్చట నొప్పి తెలియదు. చూపు పోయిన తరువాతనే నష్టము తెలియును. "చూడకుము" అని పెద్దలు బిడ్డను లోనికి లాగుకొనుట ప్రేమచేతనే. కాని ఆ భయము కంటిని దాటి పోరాని చోటికి పోయినది.

మన భాషలో పెదవి చీలికతో పుట్టిన బిడ్డకు గ్రహణమొర్రి అని పేరు పెట్టితిమి. ఆ పేరుతోపాటు తల్లికి నిందయు పెట్టితిమి. గర్భిణిగా నున్నప్పుడు గ్రహణమును చూచినదనియో, ఆ వేళ కత్తిపీట ముట్టినదనియో ఆమెను దూషించిన ఇండ్లు ఎన్నియో కలవు. బిడ్డ పెదవి గర్భమున తొలి రెండు నెలలలోనే రూపుదిద్దుకొనును. ఆ భాగములు సరిగా కలియకుండుటకు వంశపరంపరా కారణములును, ఇతర శారీరక కారణములును కలవని వైద్యులు చెప్పుచున్నారు. గ్రహణపు నీడవలన ఆ లోపము కలుగునని ఎచ్చటను నిరూపింపబడలేదు. మన ప్రాంతమున గ్రహణమే కనబడని సంవత్సరములందును అట్టి బిడ్డలు పుట్టుచున్నారు. శస్త్రచికిత్సచే ఆ పెదవి చక్కబడును. తల్లి గుండెలో గ్రుచ్చిన మాట చక్కబడదు. ధర్మము పేర ఒక నిరపరాధను నిందించుట కన్న అధర్మమేమున్నది? అట్లే గర్భిణిని గంటల తరబడి అన్నపానములు లేకుండ చీకటిగదిలో ఉంచుట శాస్త్రసమ్మతము కాదు. సూర్యగ్రహణమునకు నాలుగు జాములు ముందుగా భోజనము మానవలెనని విధించిన ధర్మశాస్త్రములే బాలురకు, వృద్ధులకు, రోగులకు సడలింపు చెప్పినవి.

ఇంటినుండి చూచు విధము

ఆచారమును విడువుమని నేను చెప్పుట లేదు. ఊరగాయ జాడీలపై దర్భలు ఉంచుడు. పట్టుస్నానము చేయుడు. గ్రహణకాలమున చేసిన జపము విశేష ఫలప్రదమనియు, మంత్రోపదేశమునకు వేరు ముహూర్తము చూడనక్కరలేదనియు పెద్దల మాట. ఆలయములందు కూడ ఆచారము ఒకే తీరున లేదు. తిరుమలలో గ్రహణమునకు ముందు తలుపులు మూసి, విడుపు తరువాత శుద్ధిచేసి తెరతురు. ఆ సమీపముననే శ్రీకాళహస్తిలో గ్రహణవేళ ఆలయము తెరచియుంచి స్వామికి అభిషేకములు జరుపుదురు. రెండును శాస్త్రములే, రెండును భక్తియే.

జపమునకు కూర్చుండు చోటు పెరటి వేపచెట్టు నీడయైనచో గ్రహణము తానే మీ యొద్దకు వచ్చును. ఆకుల సందులనుండి నేలపై పడు వెలుగు చుక్కలు మామూలు దినములందు గుండ్రముగా నుండును. గ్రహణము పట్టినంతనే అవియన్నియు నెలవంకలుగా మారును. పూరింటి కప్పు రంధ్రముల నుండి నేలపై పడు వెలుగులును అట్లే మారును. ఒక్కొక్క చిన్న రంధ్రమును సూర్యుని ప్రతిబింబమును నేలపై నిలుపుచున్నది. ఒక అట్టకు సూదితో రంధ్రము చేసి, సూర్యునికి వీపు పెట్టి, ఆ రంధ్రము గుండా వచ్చు వెలుగును తెల్లకాగితముపై పట్టుడు. అట్టకును కాగితమునకును ఒక మీటరు దూరమున్నచో సుమారు 9 మిల్లీమీటర్ల సూర్యబింబము ఏర్పడును. స్పర్శ ఏ వైపున కలిగినది, మోక్షము ఏ వైపున కలిగినది పిల్లలచే గీయింపుడు. గడియారము చూచి వేళ వ్రాయింపుడు. పంచాంగములోని వేళతో సరిచూడుడు. సూర్యసిద్ధాంతము బోధించిన గ్రహణ చిత్రమును మీ బిడ్డలు మీ ముంగిట గీచినవారగుదురు.

నేరుగా చూడవలెనన్న, అందులకై తయారైన ప్రమాణబద్ధమైన గ్రహణపు కళ్ళద్దములతోనే చూడవలెను. మసి పట్టించిన గాజుపెంకు, ఎక్స్‌రే ఫిల్ము, నల్లకళ్ళజోడు పనికిరావు. పసుపునీటి పళ్ళెములో ప్రతిబింబమును తేరిపార చూచుట మన ఇండ్లలో పాత అలవాటే యైనను, అదియు క్షేమము కాదు. పళ్ళెములో నీరు పోసి రోకలి నిలబెట్టి గ్రహణమును గుర్తించు వాడుక కూడ పల్లెలలో కలదు. అడుగు చదునుగా నున్న రోకలి ఏ దినమైనను నిలుచును. పిల్లలచే మరునాడు కూడ నిలబెట్టించి చూపుడు. చూచి తెలిసికొనుట వారికి అలవడును.

భక్తమహాశయులారా! సూర్యుడు మనకు ప్రత్యక్ష దైవము. ప్రత్యక్షమనగా కంటికి ఎదురుగా నున్నదని అర్థము. ప్రతిదినము సంధ్యవేళ అర్ఘ్యమిచ్చి దర్శించు ఆ దేవుని, చంద్రుని చాటున నున్న కొద్దిసేపు దర్శింపరాదనుట తగునా? సూర్యుడు చంద్రునికన్న సుమారు 400 రెట్లు పెద్దవాడు. అంతే రెట్లు దూరమున నున్నాడు. అందుచేతనే ఇంత చిన్న చంద్రుడు అంత పెద్ద సూర్యుని సరిగా కప్పగలుగుచున్నాడు. ఈ కొలతలు ఇట్లు కుదిరినందుననే భూమిపై మానవునకు ఈ దర్శనము లభించినది. ఈ కూర్పును తలచి చేతులు జోడించుట కన్న గొప్ప గ్రహణజప మేమున్నది?

రాబోవు గ్రహణమున మీ యింట పట్టుస్నానము జరుగును గాక. జపము జరుగును గాక. విడుపు తరువాత దానము జరుగును గాక. ఆ నడుమ మీ బిడ్డ "చూడవచ్చునా?" అని అడిగినప్పుడు, చేత అట్టముక్కయు తెల్లకాగితమును ఇచ్చి, "రా, అత్రి మహర్షి చూచినది మనమును చూతము" అని పెరటిలోనికి చేయిపట్టి తీసికొని పోవుడు.

స్వస్తి.